స్టీల్ సామాన్ల కొట్టుకి 62 వేలు పెట్టి పబ్లిసిటీ చేశా, మనిషి రాలేదు.. యాడ తప్పు జరిగిందో చెప్పండి

కందుకూరు స్టీల్ (ఆషాఢం ఆఖరి వారం)

అందరికీ నమస్తే. రెండేళ్ళ నుంచి ఇక్కడ చదువుకోవడమే గానీ రాయడం ఇదే మొదలు, పొడుగైతే ఏమనుకోబాకండి. మాది కందుకూరు (ఒకప్పుడు ప్రకాశం, 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు, ఈ ముక్క ఎందుకు చెప్తున్నానో కిందకొస్తే తెలుస్తది). స్టీల్ సామాన్ల కొట్టు. నాన్న పెట్టి 19 ఏళ్ళయింది, రెండేళ్ళ నుంచి నేనే చూసుకుంటుండా. బిందెలు, అండాలు, క్యారేజీలు, పెళ్ళి సారె సామాన్లు, ఫంక్షన్లకి పంచే రిటర్న్ గిఫ్టులు, అన్నీ ఉంటాయి. నాన్న ఏ రోజూ ఒక్క రూపాయి పబ్లిసిటీకి పెట్టలా. నాకేమో కాలం మారింది మనమూ మారాలని ఒకటే తపన, ఆషాఢం ఆఫర్ అని మొదలుపెట్టినా. లెక్క ఇదిగో:

పేపర్ జిల్లా ఎడిషన్లో యాడ్ 18,000. పది వేల పాంప్లెట్లు, పేపర్ పిలకాయలకి ఇచ్చిందాంతో కలిపి 10,500. ఫ్లెక్సీలు 9,000. లోకల్ కేబుల్లో కింద స్క్రోలింగ్ 4,000. ఫేస్‌బుక్ బూస్ట్ (డబ్బు కట్టి పోస్టు ఎక్కువమందికి చూపించేది) 12,000. ఆటోకి మైకు కట్టి మూడు రోజులు తిప్పితే 3,600. రీల్స్ చేసే ఒక పేజీ వాళ్ళకి 5,000. మొత్తం 62,100.

వచ్చింది ఏందంటే, మామూలు ఆషాఢంలో ఎంత బేరం ఉంటదో అంతే. ఫేస్‌బుక్‌లో మాత్రం 2,300 లైకులు వచ్చినాయి. నాన్న ఏమీ అనలా, గల్లా పెట్టె దగ్గర కూర్చుని "లైకులు ఎంతకి తూకం వేస్తార్రా" అన్నాడు, అంతే. తప్పు యాడుందో చెప్పండయ్యా.

కావలి కుర్రోడు

అన్నా, ఫేస్‌బుక్ బూస్ట్ పెట్టేటప్పుడు ఏ ఏరియా పెట్టావు?

కందుకూరు స్టీల్

ఆంధ్రప్రదేశ్.

కావలి కుర్రోడు

ఇంకేం కావాలి :) శ్రీకాకుళంలో ఉన్నాయన నీ బిందె చూసి లైక్ కొట్టాడు, అంతకంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం. ఈసారి చేసేటప్పుడు ఊరి పేరు కొట్టబాక, ఊరి పేరు కొడితే చుట్టూ పెద్ద సర్కిల్ అదే గీసుకుంటది. మ్యాప్‌లో నీ కొట్టు మీద పిన్ గుచ్చి రేడియస్ నువ్వు పెట్టుకో, నీకు 25 కిలోమీటర్లు చాలు, గుడ్లూరు, ఉలవపాడు, పొన్నలూరు, వలేటివారిపాలెం వచ్చేస్తాయి. ఇంకోటి, బూస్ట్‌లో లక్ష్యం ఏం పెట్టావు? లైకులు కావాలంటే లైకులు కొట్టే అలవాటున్నోళ్ళకే చూపిస్తది, వాళ్ళు కొనేవాళ్ళు కాదు. వాట్సాప్‌కి మెసేజ్ వచ్చేట్టు గానీ, ఫోన్ కాల్ వచ్చేట్టు గానీ పెట్టాలి. అప్పుడు పది మందే రావచ్చు గానీ "ఆరు లీటర్ల కుక్కర్ ఉందా" అని అడిగేవాళ్ళు వస్తారు.

నేను చేసేది ఇదే పని గాబట్టి చెప్తుండా, నన్ను పెట్టుకోమని కాదు.

ఒంగోలు ప్రెస్

పాంప్లెట్ పని చెయ్యదని ఎవరూ అనకముందే నేను వచ్చేశా. 26 ఏళ్ళ నుంచి ప్రెస్ నడుపుతున్నా. పాంప్లెట్ పనిచేసుద్ది, మీరు దాంట్లో రాసేదే పనిచెయ్యదు. తమ్ముడు రాయించింది నాకు తెలుసు, చూడకుండా చెప్తా: పైన దేవుడి బొమ్మ, కింద "మా వద్ద అన్ని రకముల స్టీలు, ఇత్తడి, రాగి, అల్యూమినియం సామానులు సరసమైన ధరలకు లభించును", కింద చిన్న అక్షరాల్లో అడ్రసు, ఇంకా కింద "ఒకసారి దయచేయండి". అవునా?

కందుకూరు స్టీల్

దేవుడి బొమ్మ రెండు వైపులా ఉంది అన్నా. మిగతాదంతా కరెక్టే.

ఒంగోలు ప్రెస్

"అన్ని రకములు" అంటే చదివేవాడికి ఏమీ గుర్తుండదు. ఒక్కటి రాయి. "పెళ్ళి సారె, 21 సామాన్లు, ఇంత రేటు" అని పెద్దగా రాసి కింద ఆ 21 పేర్లు చిన్నగా ఇవ్వు, పెళ్ళి పెట్టుకున్న ఇల్లాలు ఆ కాయితం దాచుకుంటది, ఎందుకంటే అది నీ యాడ్ కాదు, ఆమెకి కావాల్సిన లిస్టు. నా దగ్గరికి వచ్చే కస్టమర్లకి ఇది చెప్తే "మన దగ్గర ఇంకా చాలా ఉన్నాయిగా, అవి తెలియొద్దా" అంటారు. సరే మీ డబ్బు మీ ఇష్టం అని కొట్టిచ్చేస్తా, ఏం చెయ్యను.

పెన్నా గట్టు

పాంప్లెట్ల సంగతి నన్నడగండి సామీ. నెల్లూరులో మా బావ ట్యూషన్ సెంటర్ పెట్టి ఐదు వేల పాంప్లెట్లు వేయించాడు. వారం తర్వాత సందకాడ మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడితే బజ్జీ దేంట్లో చుట్టిచ్చాడనుకున్నారు? ఎక్కాలు, వేద గణితం, స్పోకెన్ ఇంగ్లీషు. కట్టకి కట్ట బండి పక్కనే ఉంది. బావ మాత్రం పాజిటివ్‌గా "బజ్జీలు తినేవాళ్ళకీ పిల్లలుంటారు కదా" అన్నాడు.

శారద నెల్లూరు

నేను ఇంట్లో పచ్చళ్ళు, పొడులు చేసి అమ్ముతా, పెద్ద వ్యాపారం కాదు. మీరంతా పాంప్లెట్ బాగుందా ఫేస్‌బుక్ బాగుందా అని కొట్టుకుంటున్నారు గానీ అసలు సంగతి ఎవరూ అడగడం లేదు. తమ్ముడూ, ఆషాఢంలో స్టీల్ సామాను ఎవరు కొంటారు?

ఆషాఢంలో పెళ్ళి లేదు, గృహప్రవేశం లేదు. కొత్త పెళ్ళికూతురు పుట్టింట్లో ఉంటది. ఇంట్లో గిన్నె సొట్టపోతే తప్ప ఎవరూ నీ కొట్టు మెట్టెక్కరు. నువ్వు ఆకలి లేనోడికి అరిటాకు వేశావు, ఆకు నాణ్యత గురించి ఇప్పుడు విచారణ చేస్తున్నావు.

కందుకూరు స్టీల్

అక్కా, బట్టల కొట్టోళ్ళందరూ ఆషాఢంలోనే కదా ఆఫర్లు పెట్టేది, నెల్లూరు ట్రంకురోడ్డు, ఒంగోలు ట్రంకురోడ్డు యాడ చూసినా ఆషాఢం సేలే. అది చూసే నేనూ..

ట్రంకురోడ్డు

బట్టల కొట్లో 11 ఏళ్ళు సేల్స్‌లో చేశా, ఆ లోగుట్టు చెప్తా. ఆషాఢం సేల్ పెట్టేది జనం కొంటారని కాదు, కొనరని. జ్యేష్ఠంలో పెళ్ళిళ్ళు అయిపోయాక పాత డిజైన్లు మిగిలిపోతాయి. శ్రావణానికి కొత్త స్టాక్ దిగాలి, దానికి బీరువాల్లో చోటు కావాలి, చేతిలో డబ్బు కావాలి. ఆ నెలలోనూ అద్దె, జీతాలు, కరెంటు తప్పవు. అందుకని మిగిలింది రేటు తగ్గించి వదిలించుకుంటారు. చీర డిజైన్ పాతబడుద్ది, నీ బిందె పాతబడదు గదా తమ్ముడూ. నీకు వదిలించుకోవాల్సిన అవసరం లేదు. పక్కోడు మాత్ర వేసుకుంటున్నాడని మనం కూడా మింగితే ఎట్టా, వాడి రోగం వేరు.

ఇంకో సంగతి, మీ స్టీల్ వ్యాపారం తూకం మీద కదా, దాంట్లో నువ్వు కూడా ఏ 40 పర్సెంట్ తగ్గింపు అనో రాసుంటావు, అది ఎట్టా కుదురుద్ది?

కందుకూరు స్టీల్

50 అని రాశా. డబ్బాల మీద ఎమ్మార్పీ స్టిక్కర్ ఉంటది కదా అన్నా, కంపెనీ వాళ్ళు ఎక్కువే వేస్తారు, అందరూ అట్నే రాస్తారు.

గుడ్లూరు మాస్టారు

అబ్బాయ్, అది తీసెయ్. నేను లెక్కల మాస్టారుగా రిటైరయ్యా, ఈ మధ్య వినియోగదారుల సంఘం పని చూస్తున్నా కాబట్టి చెప్తున్నా. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటన అని ప్రత్యేకంగా పెట్టారు. 2020 జూలై నుంచి దానికి ఢిల్లీలో ఒక కేంద్ర అథారిటీ కూడా ఉంది. తయారీదారుకి గానీ ప్రచారం చేసినవాడికి గానీ మొదటిసారి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. కందుకూరు కొట్టు మీదకి ఢిల్లీ నుంచి ఎవరో వస్తారని బెదిరించడం లేదు. జిల్లా కమిషన్లో ఒక్క కస్టమర్ కేసు వేస్తే చాలు, వాయిదాలకి తిరగలేవు.

చట్టం పక్కన పెట్టు. 400 గిన్నె మీద 800 స్టిక్కర్ వేసి సగానికి ఇస్తున్నా అంటే మన పల్లెల్లో ఆడవాళ్ళకి తెలియదనుకున్నావా? గిన్నె చేత్తో పట్టుకుని బరువు చెప్తారు వాళ్ళు. వాళ్ళకి నువ్వు 50 పర్సెంట్ అని రాసిన రోజే నీ కొట్టు మీద అనుమానం పుట్టుద్ది, మీ నాన్న 19 ఏళ్ళు తూకం సరిగ్గా వేసి సంపాదించింది పోయిద్ది.

ఇక నా సలహా. 60 పేజీల నోటుబుక్కు కొను. బిల్లు రాసే ప్రతివాళ్ళనీ "మన కొట్టు గురించి ఎట్టా తెలిసింది" అని అడిగి ఒక ముక్క రాసుకో, పక్కన బిల్లు ఎంతో వెయ్యి. ఒక నెల చెయ్యి. తర్వాత మాట్లాడదాం.

పొగాకు బేలు

మాస్టారితో పాటు నాదీ ఒక మాట. కందుకూరు చుట్టుపక్కల డబ్బు ఎప్పుడొస్తదో చూసుకోవాలి గదా. పొగాకు వేలం మార్చి ఆ ప్రాంతంలో మొదలైతే జూలై, ఒక్కోసారి ఆగస్టు దాకా నడుస్తది. బేలు అమ్మి డబ్బు బ్యాంకులో పడ్డాక మా ఇంట్లో మొదట అప్పు, తర్వాత ఎరువుల కొట్టు, ఆ తర్వాతే పిల్ల పెళ్ళి. రేటు పడిపోయిన ఏడాది నువ్వు హెలికాప్టర్లోంచి పాంప్లెట్లు చల్లినా ఎవరూ రారు, మంచి రేటు వచ్చిన ఏడాది పాంప్లెట్ లేకపోయినా వస్తారు. వేలం కేంద్రం దగ్గర టీ కొట్టోడికి ఉన్నంత తెలివి కూడా మన వ్యాపారస్తులకి ఉండదు, వాడు వేలం జరిగే రోజుల్ని బట్టి పాలు పోయించుకుంటాడు.

పెన్నా గట్టు

రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర స్టాల్ పెట్టచ్చు కదా, అంతమంది జనం ఇంకెక్కడా రారు.

శారద నెల్లూరు

కోరిక కోరుకుని రొట్టె పట్టుకోడానికి వచ్చినోళ్ళు నెత్తిన అండా పెట్టుకుని పోతారా? జనం ఉన్నచోటల్లా బేరం ఉండదు.

ఉలవపాడు మామిడి

శారదక్కా నిజమే గానీ ఒక చోట నాకు అనుభవం ఉంది. మాలకొండ గుడి శనివారం ఒక్క రోజే తెరుస్తారు కదా, ఆ రోజు కందుకూరు బస్టాండ్ చూడండి. కొండకి పోయేటప్పుడు ఎవరూ ఏమీ కొనరు. తిరిగొచ్చేటప్పుడు బస్సు కోసం అరగంట, ముప్పావుగంట ఊరికే నిలబడతారు. సీజన్లో నేను మామిడిపళ్ళ బుట్టలు ఆ టైములోనే అమ్ముకుంటా, పొద్దున పెట్టినరోజు సగం మిగిలిపోయేవి, మధ్యాహ్నం మీద పెట్టినాక మిగల్లా. స్టీల్‌లో కూడా చిన్నవి, కుంకుమ భరిణెలు, చిన్న గిన్నెలు, పిల్లకాయల పాల గ్లాసులు అట్టాంటివి బల్ల మీద పెడితే పోతాయి. పోకపోతే నా పేరు మార్చుకుంటా (సీతాఫలం అని).

పాత రెప్

మన ఏరియాలోనే సబ్బులు షాంపూల డిస్ట్రిబ్యూటర్ దగ్గర తిరిగినోణ్ణి, కొంచెం పాత కథ చెప్తా. చిక్ షాంపూ తెలుసు కదా. కడలూరులో రంగనాథన్ అనే ఆయన 1983లో 15 వేల రూపాయలతో మొదలుపెట్టాడు. అప్పటికి పల్లెల్లో షాంపూ అంటే డబ్బున్నోళ్ళ వస్తువు. ఈయన చిన్న ప్యాకెట్లు పట్టుకుని పల్లెల్లోకి పోయాడు, పిలకాయల తల మీద అందరి ముందు షాంపూ వేసి రుద్ది చూపించి, జుట్టు తాకి చూడమనేవాళ్ళు. తర్వాత ఏం చేశాడు, ఏ కంపెనీదైనా సరే ఖాళీ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ప్యాకెట్ ఫ్రీ అన్నాడు. జనం అలవాటు పడ్డాక, ఇప్పుడు చిక్ ఖాళీ ప్యాకెట్లు మాత్రమే తేవాలి అన్నాడు. అంతే, కొట్లవాళ్ళని "చిక్ ఉందా" అని జనమే అడగడం మొదలైంది.

ఇందులో తమ్ముడికి పనికొచ్చేది ఏందంటే, పాత సామాను ఎక్స్ఛేంజ్. ఎవరి కొట్లో కొన్నదైనా సరే, సొట్టలు పోయిన అల్యూమినియం గిన్నె తెస్తే తూకానికి ఇంత అని తగ్గించు. ఇది పాత ఐడియానే, స్టీల్ కొట్లలో ఎప్పటినుంచో ఉంది, కాకపోతే నువ్వు 62 వేల యాడ్లలో ఎక్కడా ఆ ముక్క రాయలా.

కందుకూరు స్టీల్

రాయలా. మేం తీసుకుంటాం కూడా. అందరికీ తెలిసిందే కదా అని వదిలేశా.

ఇంకోటి సిగ్గు విడిచి చెప్తా. పోయినేడు పేర్లు వేసే మిషన్ కొన్నా, గిన్నెల మీద "ఫలానా వారి జ్ఞాపకార్థం", తేదీ అవీ చెక్కుతాం కదా అది. ఒకాయన కూతురి ఓణీల ఫంక్షన్‌కి 150 స్వీటు డబ్బాలు ఆర్డరిచ్చాడు. నాకు బుర్రలో ఏం వెలిగిందంటే, స్టిక్కర్ అయితే ఒక్క తోముడుకి పోయిద్ది, చెక్కింది ఇరవై ఏళ్ళుంటది, 150 ఇళ్ళల్లో మన పేరు ఉంటది, ఇంతకంటే మంచి పబ్లిసిటీ ఏముంది అని, ఆయన్ని అడక్కుండా ప్రతి డబ్బా అడుగున కొట్టు పేరు, ఫోన్ నంబర్ కొట్టించా. ఫంక్షన్ ముందురోజు ఆయన డబ్బా తిరగేసి చూసి ఒకటే మాట "మా అమ్మాయి ఫంక్షనా మీ కొట్టు ఫంక్షనా" అన్నాడు. రాత్రికి రాత్రి 150 డబ్బాలూ బఫింగ్ పట్టించి (మిషన్‌తో రుద్ది చెరిపించి), అడుగున మచ్చలు కనపడతంటే రేటు తగ్గించి ఇచ్చా. మాకు మిగిలింది చేతుల నొప్పులు.

గుడ్లూరు మాస్టారు

ఐడియా తప్పు కాదు అబ్బాయ్. అడక్కపోవడం తప్పు. డబ్బా ఆయన డబ్బుతో కొన్నాడు, దాని మీద చోటు కూడా ఆయనదే.

కావలి కుర్రోడు

మాస్టారు చెప్పింది కరెక్టే. అడిగి, కొంచెం తగ్గిస్తే ఒప్పుకునేవాళ్ళు ఉంటారు. అయినా అన్నా, ముందు ఫ్రీగా వచ్చేవి చూసుకున్నావా? గూగుల్ మ్యాప్‌లో నీ కొట్టు ఉందా? నేనిప్పుడే వెతికా, ఎవరో పెట్టిన పిన్ ఒకటుంది, ఫోటో ఏమో పక్కన చెప్పుల కొట్టుది, ఫోన్ నంబర్ లేదు. దాన్ని నీ పేరు మీదకి మార్చుకో, పైసా ఖర్చు లేదు, వెరిఫికేషన్ చేసుకుని టైమింగ్స్, నంబర్, ఒక ఇరవై ఫోటోలు పెట్టు. రివ్యూలు మాత్రం కొనబాక, చుట్టాల చేత ఒకే రోజు నలభై రాయించబాక, తీసేస్తారు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ కూడా వాడుతున్నావనుకుంటా. ఒక లిస్టులో 256 మందే పడతారు, అదీగాక నీ నంబర్ వాళ్ళ ఫోన్లో సేవ్ చేసుకోనివాళ్ళకి పోనే పోదు, చాలామందికి ఇది తెలియక "మెసేజ్ పెట్టాం ఎవరూ రాలేదు" అంటారు. బిల్లు ఇచ్చేటప్పుడే "మన నంబర్ సేవ్ చేసుకోండమ్మా, పాత సామాను రేటు రోజూ స్టేటస్‌లో పెడతాం" అని చెప్పు. సేవ్ చేసుకోడానికి వాళ్ళకీ ఒక కారణం ఉండాలి.

ట్రంకురోడ్డు

వీడియోలు చేస్తే రీల్స్ పేజీ వాళ్ళకి ఇవ్వబాక, నువ్వే చెయ్యి. మీ స్టీల్‌లో 202, 304 అని ఏందో ఉంటాయి కదా, అది చెప్పు జనానికి. మా ఇంట్లో ఇప్పటికీ అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీల్ అనుకుంటారు.

కందుకూరు స్టీల్

అదే పెద్ద పొరపాటన్నా. 202కీ అయస్కాంతం అంటుకోదు, 304కీ అంటుకోదు. 304లో క్రోమియం 18, నికెల్ 8 పర్సెంట్ ఆ ప్రాంతం ఉంటది, 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ వేస్తారు, అందుకే రేటు తక్కువ, ఉప్పు పులుపు తగిలితే కొన్నాళ్ళకి మచ్చలు వస్తాయి. చూసేదానికి రెండూ ఒకటే. మాకు తెలిసిన విధానం చుక్కల మందు, గిన్నె మీద ఒక చుక్క వేసి చిన్న బ్యాటరీ తగిలిస్తే 202 ఎర్రగా తిరుగుద్ది. ఇంకో తమాషా, అయస్కాంతం అంటుకునే అడుగు ఉంటేనే ఇండక్షన్ స్టవ్ మీద పనిచేసుద్ది, అంటే "అంటుకోకూడదు" అని వెతికి కొన్నామె ఇంటికిపోయి స్టవ్ మీద పెట్టి "గిన్నె చెడిపోయింది" అని వెనక్కి తెస్తది. వారానికి ఒకరు వస్తారు ఇట్టా.

శారద నెల్లూరు

ఇప్పుడు నువ్వు రాసిన ఈ ఐదారు లైన్లు చదివి నేను మా ఇంట్లో గిన్నెలన్నిటికీ అయస్కాంతం పెట్టి చూశా. నీ 62 వేల యాడ్లు ఒక్కటి కూడా నన్ను కుర్చీలోంచి లేపలా. ఈ మాటలే ఫోన్ ముందు చెప్పు, చుక్క వేసి చూపించు, లైటింగూ పాటలూ ఏమీ వద్దు.

నా పచ్చళ్ళకీ ఇట్టాగే జరిగింది. మొదట్లో "అమ్మ చేతి రుచి" అని రాసేదాన్ని, అందరూ అదే రాస్తారు, ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఒకసారి ఆవకాయలో ఉప్పు ఎక్కువైందని ఒకామె ఫోన్ చేస్తే, ఎక్కువ ఉప్పు ఎందుకు వేస్తామో, మూడో నెలకి ఎట్టా సర్దుకుంటదో చెప్పి, అదే వాట్సాప్ స్టేటస్‌లో రాశా. ఆ వారం 14 కిలోలు పోయింది.

నిర్వాహకుడు

చర్చ బాగుంది. కింద ఇద్దరు వాళ్ళ సొంత ఏజెన్సీ నంబర్లు పెట్టారు, తీసేశాం. ఇక్కడ నంబర్లు పెట్టొద్దు.

కందుకూరు స్టీల్ (శ్రావణం ఆఖర్న)

మాస్టారూ, నోటుబుక్కు పెట్టా. శ్రావణం మొదటి రోజు నుంచి 24 రోజులు, 500 పైన బిల్లు చేసిన ప్రతివాళ్ళనీ అడిగాం. మొదటి రెండు రోజులు నాన్న "సామాను కొనడానికి వచ్చినోళ్ళని సెన్సస్ చేస్తన్నాడు" అని నవ్వాడు, మూడో రోజు నుంచి ఆయనే అడగటం మొదలుపెట్టాడు, ఆయన అడిగితే వాళ్ళ ఊళ్ళో కథలన్నీ కూడా చెప్తారు, అందుకని బిల్లింగ్ లేటు.

మొత్తం 187 మంది. ఇంతకుముందు కొన్నోళ్ళు 71. చుట్టాలో పక్కింటోళ్ళో చెప్తే వచ్చినోళ్ళు 48. వంట మాస్టర్లు, షామియానా వాళ్ళు, పంతుళ్ళు చెప్తే వచ్చినోళ్ళు 23. రోడ్డు మీద పోతా బోర్డు చూసి 19. గూగుల్ మ్యాప్ 11. వాట్సాప్ స్టేటస్ 9. ఫేస్‌బుక్ 4. పాంప్లెట్ 2. పేపర్ యాడ్ సున్నా.

పేపర్ సంగతి నాకు తర్వాత వెలిగింది. నేనిచ్చింది నెల్లూరు ఎడిషన్‌కి. మా కొట్టుకి వచ్చేవాళ్ళలో సగం పొన్నలూరు, కొండపి వైపోళ్ళు, వాళ్ళది ప్రకాశం జిల్లా, వాళ్ళింటికి వచ్చే పేపర్లో ఒంగోలు వార్తలుంటాయి. జిల్లా మారింది గానీ గిన్నెలు కొనే దారి మారలా. మొదట్లో జిల్లా సంగతి ఎందుకు రాశానంటే ఇందుకే, అప్పటికి అనుమానమే, ఇప్పుడు లెక్క కనపడింది.

చుక్కల మందు వీడియో పెట్టా. 900 మంది కూడా చూడలేదు. కానీ ముగ్గురు గిన్నెలు పట్టుకుని టెస్ట్ చెయ్యమని వచ్చారు, అందులో ఇద్దరు కొన్నారు. బస్టాండ్ దగ్గర బల్ల మూడు శనివారాలు పెట్టాం, వరలక్ష్మీ వ్రతం ముందు శనివారం వాయనాలకి చిన్న గిన్నెలు, భరిణెలు అన్నీ పోయినాయి, మిగతా రెండు వారాలు మామూలే. ఉలవపాడు అన్న పేరు మార్చుకోనక్కర్లేదు.

కావలి కుర్రోడు

అన్నా, ఒక మాట. "ఎట్టా తెలిసింది" అని అడిగితే వాళ్ళకి గుర్తున్నది చెప్తారు, పనిచేసింది చెప్పరు. ఫేస్‌బుక్‌లో చూసి, తర్వాత పక్కింటామెని "ఆ కొట్టు ఎట్టుంటది" అని అడిగి వచ్చినామె "పక్కింటోళ్ళు చెప్పారు" అనే అంటది. పైగా నీ యాడ్లు ఆషాఢంలో, లెక్క శ్రావణంలో. కాబట్టి సున్నా అని తేల్చెయ్యబాక. నా పొట్ట కోసం చెప్పడం లేదు, కొంచెం పొట్ట కోసం కూడా.

గుడ్లూరు మాస్టారు

కుర్రాడి మాటలో న్యాయముంది, ఒప్పుకుంటా. అయినా మనుషుల లెక్క వదిలెయ్, బిల్లుల లెక్క చెప్పు. అది వేశావా?

కందుకూరు స్టీల్

వేశా మాస్టారూ, అక్కడే కళ్ళు తిరిగినాయి. పాత కస్టమర్ల బిల్లు సగటున 1,900 ఉంది. ఆ వంట మాస్టర్లు, పంతుళ్ళు పంపిన 23 మందికి సగటు 14 వేలు. అంటే అందరికంటే తక్కువ ఖర్చు పెట్టింది వాళ్ళ మీద, అసలు ఏమీ పెట్టలేదు. వాళ్ళెవరో కూడా నాకు సరిగ్గా తెలియదు. నాన్నకి తెలుసు, పండగలకి పలకరిస్తాడు.

పెన్నా గట్టు

ఇంకేంది, వంట మాస్టర్లకి 5 పర్సెంట్ కమిషన్ పెట్టెయ్, ఊరంతా నీ దగ్గరికే తోలతారు.

పాత రెప్

చెయ్యబాక. నేను ఒక ఫర్నిచర్ కొట్టులో చూశా. బేరం తెచ్చే వడ్రంగులకి 5 ఇచ్చారు, ఎదురుకొట్టోడు 8 ఇచ్చాడు, అందరూ అటు పోయారు, వీళ్ళు 10 అన్నారు. ఆ 10 యాడ నుంచి వస్తది, మంచం రేటులోనుంచి. ఒక పెళ్ళింట్లో వడ్రంగి, కమిషన్ సంగతి నోరు జారాడు. ఆ వీధిలో మళ్ళీ ఎవరూ ఆ కొట్టుకి పోలా. సలహాకి విలువ ఉన్నది డబ్బు తీసుకోనంత కాలమే.

శారద నెల్లూరు

వంటవాళ్ళకి అసలు ఏం ఇబ్బంది ఉంటదో అడిగావా తమ్ముడూ? డబ్బు కాకుండా.

కందుకూరు స్టీల్

అడిగా అక్కా. పామూరు రోడ్డులో ఒక మాస్టర్ ఉన్నాడు, ముప్పై ఏళ్ళ సర్వీసు. ఆయన చెప్పింది: "ప్రతి ఫంక్షన్లో రెండు గరిటెలు, ఒక జల్లెడ పోతాయి నాయనా, ఎవరివో తెలియక ఫంక్షన్ హాలోళ్ళ సామాన్లో కలిసిపోతాయి." నాకు వెంటనే మిషన్ గుర్తొచ్చింది. ఆయన గరిటెలు, జల్లెళ్ళు, గంటెలు అన్నీ తెప్పించి కాడ మీద ఆయన పేరు, ఆయన ఫోన్ నంబర్ ఊరికే వేసిచ్చా. మా కొట్టు పేరు వెయ్యలేదు (ఒకసారి కాలింది చాలు). వారం తిరగకముందే ఇంకో నలుగురు మాస్టర్లు సంచుల్లో గరిటెలు వేసుకుని వచ్చారు. ఒకాయన ఏమన్నాడంటే, వడ్డన చూసి జనం "వంట ఎవరిది" అని అడిగితే కార్డు కోసం జేబు వెతుక్కునేవాడినయ్యా, ఇప్పుడు గరిటె తిప్పి చూపిస్తున్నా అన్నాడు. ఒక్కో గరిటెకి మాకు పట్టేది రెండు నిమిషాలు, కరెంటు.

ఒంగోలు ప్రెస్

నా విజిటింగ్ కార్డుల బేరానికి గండి కొట్టావు కదయ్యా.

కందుకూరు స్టీల్

క్షమించాలి అన్నా :) సారె లిస్టు పాంప్లెట్ మీ దగ్గరే కొట్టిద్దామనుకుంటుండా, ఈసారి వెయ్యే చాలు, పేపర్లో పెట్టించను, పంతుళ్ళ దగ్గర, కల్యాణ మండపాల దగ్గర ఉంచుతా. కార్తీకం ముహూర్తాలకి అందేట్టు చూడండి.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. మొదట వేయించుకున్న మాస్టర్ ఫోన్ నంబర్ మారిపోయిందంట. పదిహేడు గరిటెలు, నాలుగు జల్లెళ్ళు పట్టుకుని కొట్టు ముందు కూర్చున్నాడు, పాత నంబర్ చెరిపి కొత్తది వెయ్యమని. చెక్కింది కనపడకుండా చెరపడం ఎట్టాగో ఎవరికన్నా తెలుసా?

ట్రంకురోడ్డు

150 డబ్బాలు ఒక్క రాత్రిలో బఫింగ్ పట్టించినోడివి, మమ్మల్ని అడుగుతావేంది సామీ.